తాళం లెక్కపెడుతూ తీసిన ఫోటోలు: ఎనిమిది నెలల పద్దు

నవంబర్

కెమెరా నా దగ్గర నాలుగేళ్లుగా ఉంది. నికాన్ డీ7200, ఎవరో వాడినదే కొన్నాను. ఇంతకాలం ఇంట్లో పిల్లల్ని, పెద్ద చెరువు మీద సూర్యాస్తమయాల్ని తీసుకుంటూ గడిపాను. సంగీత కళాశాల 1919 నుంచి ఉన్న ఊరు మాది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ నేర్పింది అక్కడే. ఇలాంటి విజయనగరంలో ఉంటూ ఒక్క కచేరి ఫోటో కూడా తీయలేదన్న బాధ ఈ కార్తీకంలో బాగా పట్టుకుంది.

మొదటి ప్రయత్నం ఒక గుడి మండపంలో, గాత్ర కచేరి. 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు ఒక్కటే తీసుకెళ్లాను (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత వెడల్పుగా తెరుచుకుంటుంది). నా కెమెరా సెన్సర్ చిన్నది కాబట్టి అది 75 ఎంఎం లెన్సు చూపించేంత మేరే చూపిస్తుంది. ముందు వరుసలో నేల మీద కూర్చుంటే గాయని ముఖం, చేతులు నిండుగా వస్తాయి. 612 ఫ్రేములు తీశాను. ఇంటికి వచ్చి చూసుకుంటే ఉంచుకోదగ్గవి ఏడు. సగం వాటిలో మైకు సరిగ్గా నోటికి అడ్డం వచ్చింది. మిగతా వాటిలో ముఖం బాగానే ఉంది కానీ పాట లేదు. రెండు సంగతుల (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరుల) మధ్య గాయని ఊపిరి తీసుకుంటున్న క్షణాలే అన్నీ.

కచేరి అయ్యాక మృదంగం వాయించిన పెద్దాయన పిలిచారు. కోప్పడతారనుకున్నాను. "నాయనా, నువ్వు చప్పుడు చేసినందుకు కాదు, తాళం తప్పి చప్పుడు చేసినందుకు ఇబ్బందిగా ఉంది" అన్నారు. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. మరుసటి ఆదివారం ఆయన ఇంటికి వెళ్లాను.

డిసెంబర్

ఈ నెల ఒక్క కచేరి కూడా తీయలేదు. ఆదివారాలు ఉదయం గురువుగారి ఇంట్లో కూర్చుని తాళం వేయడం నేర్చుకున్నాను. ఆది తాళం ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది లెక్కలు: ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు, తర్వాత దెబ్బ, విసురు, మళ్లీ దెబ్బ, విసురు. వినడానికి తేలిక. విళంబంలో, అంటే నెమ్మది నడకలో, పాట సాగుతుంటే చేయి తప్పకుండా వేయడానికి నాకు మూడు వారాలు పట్టింది.

కెమెరాలో ఒక సదుపాయం కూడా ఈ నెలలోనే సరిగ్గా అర్థమైంది. నిశ్శబ్ద షట్టర్ అని ఒక అమరిక ఉంది. పేరుకే నిశ్శబ్దం, చప్పుడు ఎలాగూ వస్తుంది. అయితే బటన్ నొక్కి పట్టుకున్నంతసేపూ లోపలి అద్దం కిందికి రాదు. వదిలినప్పుడే వస్తుంది. అంటే ఒక చప్పుడు రెండుగా విడిపోతుంది, రెండోది ఎప్పుడు రావాలో నా వేలి చేతిలో ఉంటుంది. దెబ్బ మీద నొక్కి, తర్వాతి దెబ్బ మీద వదలడం సాధన చేశాను. మృదంగం మోతలో రెండూ కలిసిపోతాయి. ఫోకస్ కుదిరినప్పుడు వచ్చే బీప్ శబ్దాన్ని మాత్రం మొదటి రోజే తీసేయాలి. తాళం లేకుండా రాగం ఒక్కటే పాడే ఆలాపనలో ఆ కూత వినిపిస్తే అంతకంటే అపచారం లేదు.

జనవరి

త్యాగరాజ ఆరాధన, పుష్య బహుళ పంచమి. ఎనిమిది నెలల్లో నాకు బాగా తృప్తినిచ్చిన రోజు ఇదే.

పంచరత్న కృతులు ఐదూ ఆది తాళంలోనే ఉంటాయి. అందువల్ల వేదిక మీద, కింద కూర్చున్న పిల్లా పెద్దా అందరి చేతులూ ఒకేసారి లేస్తాయి, ఒకేసారి పడతాయి. ఎనిమిదో అక్షరం విసురు దగ్గర అరచేతులన్నీ ఆకాశం వైపు తిరుగుతాయి. ఆ ఒక్క క్షణం కోసం నేను కూడా లోలోపల లెక్కపెడుతూ కూర్చున్నాను. షట్టర్ సెకనులో 125వ వంతు పెట్టాను. ముఖాలు నిలకడగా, చేతులు కాస్త చెదిరినట్టు రావాలని. 250వ వంతులో తీసినవి కూడా ఉన్నాయి. వాటిలో చేతులు గాలిలో అతికించినట్టు బిగుసుకుపోయాయి, కదలిక తెలియడం లేదు. 240 ఫ్రేముల్లో 19 ఉంచుకున్నాను.

కూర్చునే చోటు గురించి ఒక మాట. మనం వేదికకు ఎదురుగా ఉంటే సాధారణంగా మృదంగం మన ఎడమ వైపు, వయొలిన్ కుడి వైపు ఉంటాయి. వాళ్లు ఒకరికొకరు ఎదురుగా తిరిగి ఉంటారు. కాబట్టి వయొలిన్ వారి ముఖం కావాలంటే మనం ఎడమ పక్కన కూర్చోవాలి, మృదంగం వారి ముఖం కావాలంటే కుడి పక్కన. మధ్యలో కూర్చుంటే గాయని ముందు మైకు తప్ప ఏమీ దక్కదు. కృతి అయి చప్పట్లు మోగుతున్నప్పుడు మాత్రమే వంగి ఆ పక్కకు మారతాను.

విదేశాల్లో పెద్ద కచేరీలకు వెళ్లే ఫోటోగ్రాఫర్లను తరచుగా మొదటి మూడు పాటలకే, ఫ్లాష్ లేకుండా, తీయనిస్తారు. మా ఊరి కచేరీల్లో నాకు అలాంటి కట్టడి ఎవరూ పెట్టలేదు. అందుకే నేనే పెట్టుకున్నాను: ఫ్లాష్ ఎప్పుడూ లేదు, ఆలాపన సాగుతున్నప్పుడు షట్టర్ లేదు, తంబురా శ్రుతి తప్ప ఏమీ వినిపించని చోట కెమెరా ఒళ్లో ఉండాలి.

ఫిబ్రవరి

శ్రీకాకుళంలో సినిమా పాటల వాద్యబృందం కార్యక్రమం. ఆముదాలవలసలో శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోలో వెళ్లాను.

వెలుగుతోనే తంటా వచ్చింది. వేదిక నిండా రంగురంగుల ఎల్ఈడీ దీపాలు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు, కాబట్టి దానితో పాటు మిణుకుమనే దీపం సెకనుకు వందసార్లు మిణుకుతుంది. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. 500వ వంతులో ఫోటోకు అడ్డంగా చీకటి పట్టీలు పడ్డాయి. 250వ వంతులో ఒకటి వెలుగ్గా, తర్వాతిది మసకగా వచ్చాయి. 100వ వంతుకు దిగితే చాలావరకు సర్దుకుంది. కొన్ని దీపాలు వేరే వేగంతో మిణుకుతాయి, వాటికి ఈ లెక్క పనిచేయదు. తీసి చూసుకోవడమే దారి.

ఎర్ర దీపం ముఖం మీద పడితే ఇంకో చిక్కు. కెమెరా చూపే మొత్తం వెలుగు రేఖాచిత్రం (హిస్టోగ్రామ్) చూస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, కానీ ఎరుపు ఒక్కటే అంచు దాటి పోయి ముఖంలో ముక్కూ చెంపా తేడా లేకుండా చదునవుతుంది. మూడు రంగుల రేఖాచిత్రాలు విడివిడిగా చూసుకుని, ఒక స్టాప్ తగ్గించి, అంటే వెలుగు సగానికి తగ్గించి, తీశాను. రా ఫైల్ (సెన్సర్ పట్టిన సమాచారమంతా దాచేది) కాబట్టి తర్వాత పైకి లాగడం కుదిరింది. అప్పటికీ బాగుపడని వాటిని నలుపు తెలుపులోకి మార్చాను. 530లో 22 మిగిలాయి.

ఏప్రిల్

విజయనగరం దగ్గర ఒక పల్లెలో గ్రామదేవత పండగ, తప్పెటగుళ్లు. గుండెల మీద గుండ్రని రేకు తప్పెట, కాళ్లకు గజ్జెలు, రెండు చేతులా వాయిస్తూ గుండ్రంగా ఎగిరే ఆట. కచేరి కోసం నేర్చుకున్నదంతా ఇక్కడ తిరగబడింది. 100వ వంతు చాలదు. మనిషి గాలిలో ఉండగా పట్టాలంటే కనీసం 500వ వంతు. ఐఎస్‌ఓ 6400 దాకా పెంచాను (తక్కువ వెలుగులో ఫోటోను ప్రకాశవంతం చేసే అమరిక అది). గరుకుదనం వచ్చింది, రానివ్వండి. ఆ ధూళికి, చెమటకు అది నప్పింది.

తాళం మాత్రం ఇక్కడా ఆదుకుంది. ఎగిరే ముందు ఒక బలమైన దెబ్బ పడుతుంది. అది వినగానే నొక్కితే ఆలస్యమే, మనిషి అప్పటికే దిగుతుంటాడు. దానికి ముందు దెబ్బ విని సిద్ధంగా ఉండాలి. ఇది పట్టుబడటానికి గంట పట్టింది. 410 ఫ్రేములు, 26 మిగిలాయి. మరుసటి వారం ఫోటోలు కాగితం మీద వేయించి బృందానికి ఇచ్చి వచ్చాను.

జూన్

మళ్లీ గురువుగారి కచేరి. తని ఆవర్తనం (మృదంగం ఒక్కటే వాయించే భాగం) చివర ముక్తాయింపు (ముగింపు జతి) మూడుసార్లు వస్తుంది. మొదటిసారి వినడానికి, రెండోసారి లెక్క సరిచూసుకోవడానికి, మూడోసారి తీయడానికి. సమం (తాళం మొదటి దెబ్బ) మీద చేయి పడగానే వయొలిన్ వాయించే అమ్మాయి ఆయన వైపు చూసి నవ్వింది. ఆ చూపు దొరికింది. మొత్తం 148 ఫ్రేములే తీశాను, 31 ఉంచుకున్నాను. కచేరి అయ్యాక ఆయన ఏమీ అనలేదు, పక్కన కూర్చోబెట్టుకుని కాఫీ తెప్పించారు.

ఇంకా లొంగనిది వీణ. వాయించేవారి ఎడమ పక్క నుంచి తీస్తే వీణ కొసన చెక్కిన యాళి (సింహం లాంటి కల్పిత జంతువు) ముఖం దగ్గరగా, మనిషి ముఖం వెనకగా ఉంటాయి. ఎఫ్ 1.8లో ఒకటే స్పష్టంగా పడుతుంది, రెండోది కరిగిపోతుంది. రెండూ కావాలంటే ఎఫ్ 5.6 దాకా మూయాలి, అప్పుడు మండపం వెలుగు చాలదు. వచ్చే ఆదివారం బొబ్బిలి దగ్గర గొల్లపల్లికి వెళ్తున్నాను. పనస దుంగను తొలిచి వీణలు చేసే ఊరు అది. పగటి వెలుగులో ఒక వీణ ముందు కూర్చుని, యాళి నుంచి ముఖం దాకా ఎంత దూరమో, ఏ ఎఫ్ దగ్గర రెండూ నిలబడతాయో కొలుచుకోవాలి. కొలత టేపు ఇప్పటికే సంచిలో పెట్టాను.