నడిసముద్రంలో నిద్ర వంతులు

కొచ్చి నుంచి సీషెల్స్‌కు తెరచాప పడవలో ఇద్దరమే వెళ్లిన ప్రయాణంలో నన్ను గాలివానల కన్నా ఎక్కువగా ఇబ్బంది పెట్టినది నిద్ర. రాత్రి 7 గంటల నుంచి ఉదయం 7 వరకు మూడేసి గంటలు వంతులవారీగా కాపలా కాయాలని బయలుదేరక ముందే అనుకున్నాము. ఒంటిగంట నుంచి నాలుగు వరకు వంతు నాది.

నాలుగో రాత్రి మిత్రుడు తట్టి లేపగానే గాఢనిద్రలోంచి నేరుగా పైకి వచ్చి, నైరుతి దిగంతంలో అస్తమిస్తున్న ఒక నక్షత్రాన్ని ఓడ దీపమనుకుని చుక్కాని తిప్పేశాను. నిద్రమత్తు వదలడానికి కొంత సమయం కావాలి, కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి దాదాపు అరగంట పడుతుంది. మర్నాటి నుంచి పావుగంట ముందే లేచి, చీకటికి అలవాటు పడ్డ చూపు చెడకుండా ఎర్ర దీపం వెలుగులోనే టీ కాచుకుని తాగాక వంతు తీసుకున్నాను.

8 నాటికల్ మైళ్ల దూరంలో దీపం కనిపించిన ఓడ 20 నాట్ల (గంటకు 20 నాటికల్ మైళ్ల) వేగంతో ఎదురుగా వస్తూ, మన పడవ 6 నాట్లతో సాగుతూ ఉంటే, రెండూ కలుసుకోవడానికి 18 నిమిషాలు చాలు. ఒంటరి నావికులు చిన్న చిన్న కునుకులతో సరిపెట్టుకోవడానికి కారణం ఈ లెక్కే. ఓడలు తామున్న చోటును రేడియో ద్వారా ఒకదానికొకటి తెలిపే ఏఐఎస్ పరికరం అలారం ఉన్నా, చిన్న చేపల పడవల్లో చాలావాటికి ఆ పరికరం ఉండదు.

2017 సెప్టెంబరులో గోవా నుంచి భూప్రదక్షిణకు బయలుదేరిన తారిణి పడవలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బి. ఐశ్వర్యతో కలిపి ఆరుగురు నావికాదళ అధికారిణులు ఉన్నారు. ఆరుగురు పంచుకునే రాత్రిని తలచుకుంటే, నిజం చెప్పాలంటే, నాకు కొంచెం అసూయ కలిగింది.

పడవ ఒరిగినప్పుడు దొర్లిపోకుండా పడక పక్కన కాన్వాసు గుడ్డను బిగించి కట్టుకున్న తరువాతే నాకు కంటినిండా నిద్ర పట్టింది.