సీడీలో ఏమీ లేని గూఢచారి కథ: 'బర్న్ ఆఫ్టర్ రీడింగ్' ఎలా అల్లారు?

పొరపాటున గూఢచర్యంలో ఇరుక్కునే తెలివితక్కువ మనుషుల మీద స్క్రీన్‌ప్లే రాయాలనుకునేవాళ్లకు కోయెన్ సోదరుల 'బర్న్ ఆఫ్టర్ రీడింగ్' (2008) కంటే మంచి పాఠం నాకు తెలిసి లేదు. నిడివి 96 నిమిషాలే కాబట్టి రెండుసార్లు చూడండి. మొదటిసారి హాయిగా నవ్వుకోండి. రెండోసారి కాగితం మీద ప్రతి పాత్రకూ రెండు గళ్లు గీయండి: వాళ్లకు నిజంగా తెలిసింది ఒకదాంట్లో, తెలుసని వాళ్లు అనుకుంటున్నది ఇంకోదాంట్లో. సీన్ సీన్‌కీ ఆ గళ్లు నింపుతూ పోతే కథ ఎక్కడ కదులుతోందో కళ్లకు కడుతుంది. ఇక్కడి నుంచి కథంతా చెప్పేస్తున్నాను, చూడనివాళ్లు ముందు చూసి రండి.

ఆస్బోర్న్ కాక్స్ (జాన్ మాల్కోవిచ్) సీఐఏలో బాల్కన్ వ్యవహారాలు చూసే విశ్లేషకుడు. తాగుడు ఎక్కువైందని ఆ పని నుంచి తప్పించబోతే, మొత్తం ఉద్యోగమే వదిలేసి ఇంట్లో కూర్చుని ఆత్మకథ మొదలుపెడతాడు. భార్య కేటీ (టిల్డా స్వింటన్) విడాకుల ఆలోచనలో ఉంటుంది. నోటీసు ఇచ్చేముందే ఆయన డబ్బు లెక్కలు చేజిక్కించుకోమని లాయర్ సలహా. ఆమె భర్త కంప్యూటర్లోని ఫైళ్లు సీడీలోకి కాపీ చేస్తే, బ్యాంకు లెక్కలతో పాటు ఆత్మకథ చిత్తుప్రతి కూడా వచ్చేస్తుంది. లాయర్ ఆఫీసులో పనిచేసే ఒకామె నుంచి ఆ సీడీ హార్డ్‌బాడీస్ అనే జిమ్‌లో జారిపోతుంది. గమనించండి, ఇంతవరకూ గూఢచర్యం అనే మాటే లేదు. ఎవరి పని వాళ్లు చేసుకున్నారు, అంతే. ఇలాంటి కథల్లో తొలి ఇరవై నిమిషాలు చాలామంది పాడుచేసుకునేది ఇక్కడే. దొంగనో విలన్‌నో తెచ్చి పెడతారు, దాంతో ఆ తర్వాత జరిగేదంతా 'పొరపాటు' కాకుండా పోతుంది.

సీడీ దొరికిన ఇద్దరు జిమ్ ఉద్యోగులకూ దాన్ని చదివి అర్థం చేసుకునే శక్తి లేదు. అంకెలూ సంస్థల పేర్లూ కనిపించేసరికి చాడ్ (బ్రాడ్ పిట్) దేశ రహస్యమని తేల్చేస్తాడు. లిండా (ఫ్రాన్సెస్ మెక్‌డార్మండ్)కు డబ్బు కావాలి. నాలుగు కాస్మెటిక్ సర్జరీలు చేయించుకోవాలని ఆమె పట్టుదల, ఇన్సూరెన్స్ వాళ్లేమో ఇవ్వమంటారు. అందుకే సీడీ కాక్స్‌దని కనుక్కుని అతన్ని 50,000 డాలర్లు అడుగుతారు. అడిగేది బెదిరింపు సొమ్మని వాళ్లకు తోచదు, పోయిన వస్తువు తిరిగి ఇస్తున్నందుకు బహుమతి అనుకుంటారు. అంకె ఇంత కచ్చితంగా ఉండటం ముఖ్యం. 'చాలా డబ్బు కావాలి' అంటే పాత్ర గాల్లో ఉంటుంది. నాలుగు ఆపరేషన్లు అనగానే ఆమె ఎంతవరకు వెళ్తుందో ప్రేక్షకుడే ఊహించుకుంటాడు.

కాక్స్ డబ్బివ్వకపోగా చాడ్ ముక్కు మీద గుద్దుతాడు. అంతే, సీడీ పట్టుకుని నేరుగా రష్యా ఎంబసీకి. చూసేవాళ్లకు ఇది అతి అనిపించవచ్చు గానీ, పద్ధతి ప్రకారం అది సరైన దారే. అమెరికా నౌకాదళంలో పనిచేసిన జాన్ వాకర్ 1967లో ఇదే వాషింగ్టన్‌లో సోవియట్ ఎంబసీకి తనంత తానే వెళ్లి సంకేతలిపి రహస్యాలు అమ్మడం మొదలుపెట్టాడు. 1985 దాకా దొరకలేదు. ఇలా పిలవకుండా వచ్చినవాళ్లు అవతలి గూఢచారి సంస్థ వేసిన ఎర అయ్యుంటారేమోనని ఎంబసీవాళ్లకు ఎప్పుడూ అనుమానమే. అందుకే ముందు సరుకు పరీక్షిస్తారు. సినిమాలో ఆ రష్యన్ అధికారి ముఖంలో కనిపించేది ఆ జాగ్రత్తే. లిండా వేసిన అడుగులో తప్పు లేదు, చేతిలో సరుకే చెత్త. మూర్ఖుల పాత్రలు రాసేటప్పుడు ఈ కొలత పట్టుకోవాలి: ఒక్క అంచనా తప్పవ్వాలి, దాని మీద కట్టిన ప్రతి మెట్టూ తర్కంగా ఉండాలి. అన్నీ తిక్కపనులే అయితే పది నిమిషాల్లో విసుగొస్తుంది.

బీరువా సీన్ దగ్గర కాస్త ఆగాలి. ఇంకా సమాచారం తెస్తామని రష్యన్లకు మాటిచ్చారు కాబట్టి చాడ్ కాక్స్ ఇంట్లో దూరతాడు. ఆ ఇంట్లో ఇప్పుడు ఉంటున్నది కేటీ ప్రియుడు, ఫెడరల్ మార్షల్ (పోలీసులాంటి ప్రభుత్వ అధికారి) హ్యారీ (జార్జ్ క్లూనీ). ఇరవై ఏళ్ల ఉద్యోగంలో తుపాకీ ఒక్కసారీ పేల్చలేదని చెప్పుకునే మనిషి అతను. ఆ మాట ముందే, నవ్వు తెప్పించే చోట, మామూలు గొప్పలా అనిపించేశారు. స్నానం చేసి వచ్చి బట్టల కోసం బీరువా తలుపు తెరుస్తాడు. లోపల చాడ్, వెర్రి నవ్వుతో. తుపాకీ పేలుతుంది. గమ్మత్తంతా ఆ నవ్వులో ఉంది: చాడ్‌కు ప్రమాదం అర్థమయ్యే వ్యవధి కూడా ఇవ్వలేదు, ప్రేక్షకుడికీ ఇవ్వలేదు. ఉత్కంఠ పెంచే సంగీతంతో, నాలుగు క్లోజప్‌లతో సాగదీసి ఉంటే మామూలు థ్రిల్లర్ హత్య అయ్యేది. శవం జేబుల్లో గుర్తింపు కార్డు లేకపోయేసరికి హ్యారీ ఇతను గూఢచారే అనుకుంటాడు. ఈలోగా హ్యారీతో ప్రేమలో పడిన లిండా, చాడ్ ఏమయ్యాడో తెలియక అదే హ్యారీ దగ్గర సాయం కోసం ఏడుస్తుంది. ఒకే శవం గురించి ఇద్దరి గళ్లలోనూ రెండు తప్పులు. రెండో సగానికి అదే ఇంధనం.

హ్యారీని వెంబడించే కారు సంగతి మాత్రం వేరు. అందరికంటే ఎక్కువ తెలిసిన ప్రేక్షకుడు కూడా అక్కడ మోసపోతాడు. ఆ కారులో ఉన్నది అతని భార్య విడాకుల కోసం లాయర్లు పెట్టిన డిటెక్టివ్ అని తర్వాత గానీ తెలియదు. ఒక్కసారే వాడారు, అది చాలు.

సీఐఏ ఆఫీసు సీన్లను చాలామంది కేవలం జోకులుగా చూస్తారు. నా దృష్టిలో సినిమా వెన్నెముక అవే. పై అధికారి (జె.కె. సిమన్స్)కు నిఘా ఉంది, నివేదికలున్నాయి, ఎవరు ఎవరింటికి వెళ్లారో మొత్తం తెలుసు. కారణం ఒక్కటి కూడా తెలియదు. కాక్స్‌కు ఏ స్థాయి రహస్యాలు అందుబాటులో ఉన్నాయో అడిగి తేలిగ్గా వదిలేస్తాడు. ఈ సీన్లు ఇంకో పని కూడా చేస్తాయి. లిండాను ప్రేమించి, ఆమె కోసం కాక్స్ ఇంట్లో దూరిన జిమ్ మేనేజర్ టెడ్ (రిచర్డ్ జెంకిన్స్) మీద కాక్స్ గొడ్డలితో పడటం తెర మీద చూస్తాం. ఈ కథలో స్వార్థం లేకుండా కదిలింది అతనొక్కడే, అందుకే ఆ దెబ్బకు నవ్వు గొంతులో అడ్డం పడుతుంది. ఆ తర్వాత జరిగిందంతా, అంటే కాక్స్ కోమాలోకి వెళ్లడం, హ్యారీ వెనెజులా పారిపోవాలని చూడటం, ఆఫీసు బల్ల దగ్గర మాటల్లోనే ముగిసిపోతుంది. పావుగంట పట్టే క్లైమాక్స్ రెండు కుర్చీల మధ్య తేలిపోయింది. లిండా నోరు మెదపకుండా ఉండేందుకు ఆమె సర్జరీల ఖర్చు సీఐఏనే భరిస్తుంది, ఫైలు మూసేస్తారు.

తీసే దగ్గరికొస్తే, సినిమా తనను తాను ఒక్కసారి కూడా కామెడీలా చూసుకోదు. మొదటి షాట్ ఆకాశం నుంచి సీఐఏ ప్రధాన కార్యాలయం మీదికి దిగుతుంది. కార్టర్ బర్వెల్ సంగీతం బరువైన డోళ్లతో దేశానికే ముప్పు వచ్చినట్టు మోగుతుంది. ఇమాన్యుయెల్ లుబెస్కీ కెమెరా నిజమైన గూఢచారి సినిమాకు పట్టినట్టే పడుతుంది. మీ సినిమాకు నేపథ్య సంగీతం చేయించేటప్పుడు సంగీత దర్శకుడికి కామెడీ అని చెప్పకండి. 'ఇక్కడ నవ్వాలి' అని ఒక్క వాయిద్యం సూచించినా బీరువా తలుపు వెనక ఉన్నది ప్రేక్షకుడికి ముందే తెలిసిపోతుంది.