నాగలూటి దగ్గర కాళ్లు పట్టిన పెద్దాయన

ఉగాది దగ్గర పడుతుంటే నల్లమల దారి అంతా కన్నడ భక్తులదే. రాయచూరు, బళ్లారి వైపు నుంచి గుంపులు గుంపులుగా నడిచి ఆత్మకూరు మీదుగా వెంకటాపురం చేరి, అక్కడ అడవి బాట పడతారు. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం, ఆపైన శ్రీశైలం. భ్రమరాంబ వాళ్లకు ఇంటి ఆడపడుచు. పండక్కి పుట్టింటివాళ్లు వచ్చినట్టే వస్తారు. మొన్నటి ఉగాదికి నేనూ వాళ్లతో నడిచాను.

ఫాల్గుణం చివర అడవిలో నీడ తక్కువ, రాళ్లు ఎక్కువ. నాగలూటి వీరభద్రస్వామి గుడి దగ్గరికి వచ్చేసరికి మడమలకు బొబ్బలు లేచాయి. టెంటు వేసి మజ్జిగ పోస్తున్నారు. పక్కనే చాప మీద ఒక పెద్దాయన నూనె సీసా పెట్టుకుని, వచ్చినవాళ్లకు వచ్చినట్టు కాళ్లు పడుతున్నాడు. మా నాన్న వయసుంటుంది.

"వద్దు పెద్దాయనా, మీరు నా కాళ్లు పట్టడమేంటి?"

"కూర్చో నాయనా. ఇవి మల్లయ్య దగ్గరికి పోయే కాళ్లు" అని లాగి ఒళ్లో పెట్టుకున్నాడు. సూదికి దారం ఎక్కించి బొబ్బకు ఈ పక్క గుచ్చి ఆ పక్క తీశాడు. నీరంతా దారం వెంట కారిపోయింది, తోలు ఊడలేదు. పైన పసుపు అద్దాడు.

ఒకప్పుడు భీముని కొలను దగ్గర ఆయనకు మోకాలు పట్టేసిందట. ముక్కూమొహం తెలియని కుర్రాడొకడు మూట భుజాన వేసుకుని, ఆయన్ని పట్టుకుని కైలాసద్వారం దాకా ఎక్కించాడట. "ఊరు అడిగేలోపే పోయాడు. ఆ రుణం ఎవరికి తీర్చాలి? ఇట్లా తీరుస్తున్నా."

మన ఇళ్లలో "చేసుకున్నవాళ్లకు చేసుకున్నంత" అని ఊరికే అనేస్తుంటాం. ఎక్కువగా కష్టంలో ఉన్నవాణ్ణి చూసి, వాడి కర్మ అని తప్పుకోవడానికే ఆ మాట వాడతాం. నాకు అది ఎప్పుడూ మింగుడుపడలేదు. ఆ దారిలో కుంటుతున్నవాణ్ణి చూసి ఎవరూ ఆ మాట అనలేదు, నీళ్లు అందించారు. 12వ శతాబ్దంలో బసవన్న చెప్పిన దాసోహం, అంటే ఫలం ఆశించకుండా తోటివాళ్లకు చేసే సేవ, వాళ్లకు ఇంకా చేతల్లోనే ఉంది. చేసిన మంచి చేసినవాడికే తిరిగి రావాలని ఏముంది? ఆ కుర్రాడు చేసింది ఆ పెద్దాయన చేతుల మీదుగా నా మడమల దాకా వచ్చింది. కర్మఫలమంటే నాకు అర్థమైంది ఇదే.

భీముని కొలను దాటాక మెట్లు నిటారుగా ఉంటాయి. నడుమ ఒక అవ్వ మూట దించి ఆయాసపడుతోంది. అడగకుండానే ఎత్తుకున్నాను. "నీ పేరేంటి నాయనా?" అంది. "పైకి పోదాం పదవ్వా" అన్నాను.

వచ్చే ఉగాదికి నడిచినా నడవకపోయినా నాగలూటిలో ఉంటాను. సూదులు, దారం, దూది, నూనె నావి. మజ్జిగ సంగతి చూసుకుంటామని ఆత్మకూరు మిత్రులు మాటిచ్చారు.