పాము ఆకలిని నమ్మకండి, తూకాన్ని నమ్మండి

మా ఇంట్లో రెండు తూకం యంత్రాలున్నాయి. ఒకటి వంటకు, ఒకటి పాముకు. ఏది దేనిదో తెలియడానికి పాముదాని మీద ఎర్ర టేపు అంటించాను.

పాము పేరు కుంకుమ. కార్న్ స్నేక్ జాతి. నారింజ రంగు ఒళ్లు, దాని మీద నల్ల అంచున్న ఎర్రటి మచ్చలు. విషం లేదు. మేముండే నార్త్ కరోలినాలో ఈ జాతి బయట సహజంగానే తిరుగుతుంది కానీ, మాది పెంపకందారు దగ్గర పుట్టిన పిల్ల. తెచ్చుకున్నది మా అబ్బాయి, తిండి లెక్కలు చూసేది నేను. వచ్చినప్పుడు 12 గ్రాములు, ఇప్పుడు 180. ఈ మధ్య కొత్తగా పాము తెచ్చుకున్న స్నేహితురాలు ఒకరు "ఎలుక సైజు ఎప్పుడు మార్చాలి?" అని అడిగారు. ఆమెకు ఫోనులో చెప్పిందే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇక్కడి దుకాణాల్లో గడ్డకట్టించిన చిట్టెలుకలు వయసును బట్టి దొరుకుతాయి. వెంట్రుకలు రాని పసికూన పింకీ, నూగు వచ్చినది ఫజ్జీ, కళ్లు తెరిచి గెంతే వయసుది హాపర్, ఆ తర్వాత పెద్దవి. పొట్లం మీది పేరు చూసి కొనడం దండగ. ఒక దుకాణంలో హాపర్ ఏడు గ్రాములుంటే మరో దుకాణంలో పన్నెండు ఉంటుంది. అందుకే ఎలుకనూ తూస్తాను, పామునూ తూస్తాను.

ఎదిగే పాముకు దాని బరువులో పది నుంచి పదిహేను శాతం ఉన్న ఎర సరిపోతుంది. 12 గ్రాముల పిల్లకు గ్రామున్నర పింకీ. 40 గ్రాములకు నాలుగు నుంచి ఆరు గ్రాముల ఫజ్జీ. 90 దగ్గర హాపర్. ఇప్పుడు కుంకుమకు ఇరవై గ్రాముల పెద్ద చిట్టెలుక. తూకం యంత్రం లేకపోతే పాము ఒంట్లో అన్నిటికన్నా లావైన చోటు చూడండి. ఎర అంతే లావు ఉండాలి, మహా అయితే దానికి ఒకటింపావు వంతు. మింగాక నడుము దగ్గర చిన్న ఉబ్బు కనిపించి, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతే సైజు కుదిరినట్టే. ఉబ్బు అసలు కనిపించకపోతే తర్వాతి సైజుకు వెళ్లే సమయం వచ్చింది. అదే పొలుసుల మధ్య చర్మం బాగా సాగి, ఉబ్బు రోజుల తరబడి అలాగే ఉంటే ఒక మెట్టు దిగాలి.

సైజు మారే మధ్య వారాల్లో పెద్దది ఒకటి పెట్టడానికి భయపడి చిన్నవి రెండు పెట్టేవారున్నారు. కొన్నాళ్లు పరవాలేదు. కానీ పింకీల మీదే నెలల తరబడి నెట్టుకురావడం నాకు నచ్చదు. వాటి ఎముకలు ఇంకా గట్టిపడి ఉండవు కనుక కాల్షియం తక్కువ.

పాము దవడ ఊడదీసుకుని మింగుతుందని చాలామంది అనుకుంటారు. ఊడదు. కింది దవడ రెండు సగాలు గడ్డం దగ్గర అతుక్కుని ఉండవు, సాగే బంధంతో కలిసి ఉంటాయి. దగ్గర కూర్చుని చూస్తే తెలుస్తుంది: ముందు ఎలుక మూతి వెతుక్కుంటుంది, తల వైపు నుంచే మొదలుపెడుతుంది, కుడి దవడ ఒక అడుగు వేస్తే తర్వాత ఎడమ దవడ ఒక అడుగు వేస్తుంది. చివరికి తోక ఒక్కటే దారప్పోగులా పెదవుల మధ్య మిగులుతుంది. అదీ లోపలికి వెళ్లాక నోరు బారెడు తెరిచి ఆవులించి, దవడలు సర్దుకుంటుంది. ఇంత తతంగం అయ్యాక కూడా నాలుక ఆడిస్తూ మళ్లీ నా చేతి వైపే చూస్తుంది. తెనాలి నుంచి వీడియో కాల్‌లో చూసిన అమ్మ "పాపం, ఇంకొకటి పెట్టవే తల్లీ" అంది. నాగులచవితికి పుట్టలో పాలు పోసే చెయ్యి కదా! కొసరి కొసరి వడ్డించే అలవాటు ఈ విస్తరి ముందు పనికిరాదు. దొరికినప్పుడే తినాలన్నది పాము తత్వం, పెడితే తింటూనే ఉంటుంది.

ఎర మరీ పెద్దదైతే కక్కేస్తుంది. పెట్టె చల్లగా ఉన్నా, తిన్న వెంటనే చేతిలోకి తీసుకున్నా అంతే. వెచ్చని వైపు ముప్ఫై డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి, తిన్నాక రెండు రోజులు ముట్టుకోకూడదు. అరగడం పాముకు చిన్న పని కాదు. బర్మీస్ కొండచిలువ మింగిన రెండు రోజుల్లోనే దాని గుండె కండరం 40 శాతం పెరుగుతుందని 2005లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. కక్కిన పాముకు కనీసం పది రోజులు విరామం ఇచ్చి, తర్వాత మామూలు సైజులో సగం పెట్టాలి. మళ్లీ కక్కితే పశువైద్యుడి దగ్గరికే.

బతికున్న ఎలుకను పెట్టెలో వదలకండి, పామునే కొరికి గాయం చేస్తుంది. గడ్డకట్టినదాన్ని ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి, తర్వాత కవరుతో సహా వేడి నీళ్లలో ఉంచి వెచ్చబరచి, పొడవాటి పటకారుతో అందిస్తే చాలు. గడ్డకట్టిన ఎలుకల్లో సాల్మొనెల్లా ఉండవచ్చు. అందుకే మా గోంగూర, ములక్కాడ ముక్కలు ఉన్న ఫ్రీజర్‌లో వాటికి చోటు లేదు. గరాజులో వేరే చిన్న ఫ్రీజర్ కొన్నాం. ఆ షరతు మావారిది, న్యాయమైనదే.

హైదరాబాదు నుంచో గుంటూరు నుంచో చదువుతున్నవారికి ఒక మాట. అక్కడ జెర్రిపోతును పట్టి పెట్టెలో పెంచుకున్నా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమే. ఇంట్లోకి వస్తే పాములు పట్టేవారినో అటవీ శాఖనో పిలవండి.

ఎదుగుదల నెమ్మదించాక పది శాతం లెక్క వదిలేయాలి. అర కిలో దాటిన కార్న్ స్నేక్‌కు పాతిక, ముప్ఫై గ్రాముల చిట్టెలుక రెండు వారాలకొకటి సరిపోతుంది. ఎలుకను ఇంకా పెంచుకుంటూ పోతే మిగిలేది కొవ్వే. కుంకుమకు ఇప్పటివరకు వారానికొకటి పెడుతున్నాను. వచ్చే నెల నుంచి పది రోజులకు మారుస్తాను. అమ్మకు ఇంకా చెప్పలేదు.