వాయిదా పడిన శస్త్రచికిత్సలు

2020లో కోవిడ్ తీవ్రంగా ఉన్న నెలల్లో, మా యూరాలజీ విభాగంలో ఎవరికి ముందుగా శస్త్రచికిత్స చేయాలో నిర్ణయించే బాధ్యత నా మీద కూడా పడింది. కొన్ని నిర్ణయాలకు తర్జనభర్జన అక్కరలేదు: వృషణం మెలిపడితే దాదాపు 6 గంటల్లోపు సరిచేయాలి, రాయి అడ్డుపడిన మూత్రపిండానికి ఇన్ఫెక్షన్ సోకితే వెంటనే మూత్రం బయటికి పోయే దారి కల్పించాలి. కండర పొరలోకి చొచ్చుకుపోయిన మూత్రాశయ క్యాన్సర్ రోగులనూ ముందుంచాం, ఎందుకంటే శస్త్రచికిత్స 3 నెలలకు మించి ఆలస్యమైతే ప్రాణాపాయం పెరుగుతుంది.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది, ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం ఆగిపోవడంతో నెలల తరబడి గొట్టంతోనే గడిపిన వృద్ధుల సంగతి. కాగితం మీద వారిది ఆగగలిగే సమస్యే. కానీ గొట్టం మార్పించుకోవడానికి, ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడల్లా, వారు భయపడుతూనే ఆసుపత్రికి రావలసివచ్చేది. వాయిదా సంగతి ఫోన్‌లో చెప్పినప్పుడు ఒక పెద్దాయన “ఇంకెన్నాళ్లు డాక్టరుగారూ?” అని మాత్రమే అడిగారు. చెప్పడానికి నా దగ్గర తేదీ లేదు.