అర మిల్లీమీటర్ తేడా నాకు రెండు రోజులు తినేసింది

నిన్న సాయంత్రం ఫిక్చర్ (సర్క్యూట్ బోర్డును పిన్నుల మీద నొక్కి పరీక్షించే చట్రం) పాసైంది. 42 టెస్ట్ పాయింట్లకూ, అంటే బోర్డు మీద రీడింగ్ తీసే చిన్న లోహపు ప్యాడ్‌లకు, పిన్నులు తగిలాయి. ఇప్పటికి ఊపిరి తీసుకుంటున్నాను.

అదొక ఎల్‌ఈడీ డ్రైవర్ బోర్డు, 160 మిల్లీమీటర్ల పొడవు. ప్యాడ్‌ల కొలతలన్నీ ఉండే గెర్బర్ ఫైల్ అడిగితే, డిజైన్ చేసినవాళ్లు ఇవ్వలేదని పార్టీ చెప్పింది. డబ్బు పూర్తిగా తీసుకుని ఫైల్ దాచుకోవడం అన్యాయం. మీరూ ఫిక్చర్లు చేసేవాళ్లైతే ఫైల్ చేతికొచ్చాకే అడ్వాన్స్ మాట్లాడండి.

వెర్నియర్‌తో కొలుద్దామంటే మొన ప్యాడ్ మీద జారుతోంది. అందుకే సోల్డర్ వైపు కిందికి పెట్టి 600 డీపీఐలో (అంగుళానికి 600 పిక్సెళ్లు) స్కాన్ చేశాను. సన్నటి కొత్త స్కానర్‌లో మసకగా వచ్చింది. కాంపోనెంట్ కాళ్ల వల్ల బోర్డు అద్దానికి ఆనదు కదా, అలా కాస్త ఎత్తులో ఉన్నది దానికి సరిగ్గా కనబడదు. పాత లావుపాటి స్కానర్‌లో స్పష్టంగా వచ్చింది. బొమ్మను అద్దంలోలా తిప్పడం మర్చిపోలేదు. హైలం షీట్‌కి (కరెంటు పారని గట్టి పలక) డ్రిల్ వేసి, పిన్నులు బిగించి పార్టీ దగ్గరికి తీసుకెళ్లాను.

అక్కడ పరువు పోయింది. బోర్డును కదలకుండా నిలిపే గైడ్ పిన్ ఉన్న మూల దగ్గర అన్నీ బాగానే తగిలాయి. దూరం పోయేకొద్దీ పక్కకు జరుగుతూ వచ్చి, అవతలి చివర పిన్నులు ప్యాడ్ అంచున గీసుకున్నాయి. ప్యాడే 1 మిల్లీమీటర్. నొక్కిన ప్రతిసారీ ఒక్కో రీడింగ్. లైన్ మీద అమ్మాయిలందరి ముందూ సూపర్‌వైజర్, "అన్నా, మీ దగ్గర స్కేల్ లేదా?" అన్నాడు. పదిహేనేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఆ మాటకు రాత్రి అన్నం సహించలేదు.

అర్ధరాత్రి స్టీల్ స్కేల్‌నే స్కానర్ మీద పెట్టాను. అడ్డంగా పెడితే 150 మిల్లీమీటర్లకు 3543 పిక్సెళ్లు, లెక్క సరిగ్గా ఉంది. నిలువుగా, అంటే లోపలి లైట్ బార్ నడిచే దిశలో, 3531 మాత్రమే. పన్నెండు పిక్సెళ్లు తక్కువ, అంటే అర మిల్లీమీటర్! తప్పు నా చేతిది కాదు, స్కానర్ మోటార్ నడకది. మీ స్కానర్‌నూ రెండు దిశల్లో ఇలాగే చూసుకోండి. బోర్డు మీద 2.54 మిల్లీమీటర్ల ఎడంతో ఒకే వరుసలో 20 పిన్నుల కనెక్టర్ ఉంటే దానితోనూ చూడొచ్చు, మొదటి పిన్నుకీ చివరి పిన్నుకీ మధ్య 48.26 మిల్లీమీటర్లు రావాలి.

నిలువు కొలతలన్నీ 1.0034తో గుణించాను. ఈసారి ముందు 3 మిల్లీమీటర్ల అక్రిలిక్ మీద సన్న డ్రిల్ వేసి బోర్డు మీద పెట్టి చూశాను. చివరి రంధ్రంలో కూడా ప్యాడ్ సరిగ్గా నడిమధ్య మెరుస్తూ కనబడింది. ఆ తర్వాతే కొత్త హైలం షీట్ కోశాను.