బెజవాడ నుంచి విజ్ఞాన్ భవన్‌కి

తమిళనాడు ఎక్స్‌ప్రెస్‌ బెజవాడలో తెల్లవారుజామున ఎక్కితే మర్నాడు పొద్దున న్యూఢిల్లీ. 2023 సినిమాలకిచ్చే 71వ జాతీయ సినిమా అవార్డుల సభ 2025 సెప్టెంబరు 23 సాయంత్రం 4 గంటలకు, ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో. అదే రోజు పొద్దున చేరే బండిని నమ్ముకుంటే, అది ఆలస్యమైతే అంతే సంగతులు. మేం ముందురోజే దిగిపోయాం.

బండిలో తెమలని వాదన ఒకటే. 2024 సంక్రాంతికి వచ్చిన ‘హను-మాన్‌’కి 2023 అవార్డులేంటి? బెజవాడ గాంధీనగర్‌ సినిమా డిస్ట్రిబ్యూటర్ల లెక్క రిలీజు తేదీ మీద నడుస్తుంది, ఢిల్లీ లెక్క సెన్సారు సర్టిఫికెట్‌ తేదీ మీద. జనవరి 1 నుంచి డిసెంబరు 31 లోపు సర్టిఫికెట్‌ వస్తే ఆ ఏడాది ఖాతాలోకే. ‘గాంధీ తాత చెట్టు’ అయితే థియేటర్లకు 2025 జనవరిలో గానీ రాలేదు!

న్యూఢిల్లీ స్టేషన్‌లో ఆటోవాళ్లతో బేరాలు దండగ. పసుపు లైను మెట్రోలో మూడో స్టేషన్‌ సెంట్రల్‌ సెక్రటేరియట్‌, అక్కణ్ణుంచి విజ్ఞాన్ భవన్ ఉన్న మౌలానా ఆజాద్‌ రోడ్డుకి నడిచిపోవచ్చు. టికెట్లు అమ్మరు, ఆహ్వానం ఉంటేనే లోపలికి. రాష్ట్రపతి వచ్చే సభ కాబట్టి తనిఖీకి చాలినంత టైము పెట్టుకోవాలి.

రాష్ట్రపతి చేతుల మీదుగా అందుకోవడమే ఇక్కడ అసలు గౌరవం. 2018లో అప్పటి రాష్ట్రపతి 11 మందికే ఇస్తారని తేలాక 50 మందికి పైగా సభకే రాలేదు. స్వర్ణ కమలంతో 3 లక్షలు, రజత కమలంతో 2 లక్షలు ఇస్తారు. డబ్బు కోసమైతే ఎవరూ ఇంత దూరం రారు.

తెలుగుకి 7 అవార్డులు. ఉత్తమ తెలుగు చిత్రం ‘భగవంత్‌ కేసరి’. మిగతావాటిలో ఎక్కువ తెర వెనక పనివాళ్లవే: ‘హను-మాన్‌’ ఫైట్లకి, విజువల్‌ ఎఫెక్ట్స్‌కి, ‘బలగం’లో కాసర్ల శ్యామ్‌ పాటకి, ‘బేబీ’లో రోహిత్‌ గొంతుకి. అదే సినిమా స్క్రీన్‌ప్లేకి సాయి రాజేశ్‌ తమిళ ‘పార్కింగ్‌’తో పంచుకున్నాడు. మా మటుకు మాకు హీరోల కన్నా వీళ్ల పేర్లు పిలిచినప్పుడే ఒళ్లు పులకరించింది.

బాలనటుల అవార్డు అయిదుగురికి. ‘గాంధీ తాత చెట్టు’లో నటించిన మన సుకృతి వేణి అందులో ఒకరు. వాళ్లలోనే మరొకరు, చీర కట్టుకున్న బుల్లి త్రిష తోసర్‌ వేదికెక్కేసరికి షారుఖ్‌ ఖాన్‌తో సహా హాలంతా చప్పట్లే.